మగ్గిన చుట్ట: ఆకు, రుచి, పరీక్ష

నిర్వచనం

కోసిన పొగాకును ఆరబెట్టి, కుప్పవేసి మగ్గబెట్టి, ఈనె తీసి, ఆకులోనే ఆకును పెట్టి చుట్టినది చుట్ట. బీడీకి పైన తునికాకు ఉంటుంది, సిగరెట్టుకు కాగితం ఉంటుంది. చుట్టకు లోపలా బయటా పొగాకే. అందుకే దాని రుచి పూర్తిగా ఆకు మీద, ఆకు మగ్గిన తీరు మీద ఆధారపడుతుంది.

‘మగ్గిన చుట్ట’ అన్నప్పుడు రెండు వేర్వేరు దశలు గుర్తుపెట్టుకోవాలి. మొదటిది చుట్టకముందు ఆకు కుప్పల్లోనూ బేళ్లలోనూ మగ్గడం. రెండోది చుట్టిన తరువాత పెట్టెలో నెలలు, ఏళ్లు నిలవడం. మొదటిది లేకుండా చుట్ట లేదు. రెండోది మేలురకం సిగార్ల వ్యాపారంలోనే ఎక్కువగా కనిపిస్తుంది. పాత సిగార్ల ధర, వాటి మీద వచ్చే సమీక్షలు అన్నీ ఈ రెండో దశ చుట్టూ తిరుగుతాయి. నిజానికి రుచిలో పెద్ద మార్పు మొదటి దశలోనే జరుగుతుంది. పచ్చిగా చుట్టిన ఆకును ఎన్నేళ్లు దాచినా మేలురకం కాదు.

పేర్లు

తెలుగులో ‘చుట్ట’ అనే మాట ‘చుట్టు’ అనే క్రియ నుంచి వచ్చింది. తమిళంలో దీన్ని ‘సురుట్టు’ అంటారు. ఇంగ్లీషువాళ్ల ‘చెరూట్’ ఆ తమిళ మాటకు వచ్చిన రూపమే. రెండు కొసలూ తెగ్గోసి ఉన్నది చెరూట్, ఒక కొస మూసి ఉన్నది సిగార్ అని వ్యాపారంలో విడదీస్తారు. పీల్చే ముందు సిగార్ మూసిన కొసను కోయాలి, చెరూట్‌కు ఆ పని లేదు.

లంక పొగాకుతో చేసిన చుట్టకు ఇంగ్లీషులో ప్రత్యేకంగా ‘లంక’ అనే పేరే స్థిరపడింది. యూల్, బర్నెల్ 1886లో వెలువరించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువులో ఈ మాటకు విడిగా ఒక పద్దు ఉంది. గోదావరి డెల్టాలోని ద్వీపాల్లో పండిన ఆకుతో చేసే ఘాటైన చుట్ట అనీ, మద్రాసు ప్రెసిడెన్సీలో దానికి మంచి గిరాకీ ఉందనీ ఆ నిఘంటుకారులు రాశారు. ఒక తెలుగు భౌగోళిక పదం ఊరి పేరుగా కాక, నాణ్యతకు గుర్తుగా ఇంగ్లీషులోకి వెళ్లిన అరుదైన సందర్భం ఇది. దీనికి మన పుస్తకాల్లో దక్కాల్సిన చోటు దక్కలేదు.

చరిత్ర: మచిలీపట్నం నుంచి మౌంట్ రోడ్డు దాకా

పొగాకు మొక్క అమెరికా ఖండాలది. పోర్చుగీసుల ఓడల మీద 16వ శతాబ్దం చివర్లో దక్కనుకు చేరింది. 1620ల నాటికే మచిలీపట్నం రేవు చుట్టుపక్కల పండి ఓడలెక్కేది. మద్రాసులో ఈస్టిండియా కంపెనీకి పొగాకు ఆదాయ వనరు. పట్నంలో పొగాకు, తమలపాకు అమ్మే హక్కును కంపెనీ వర్తకులకు కౌలుకు ఇచ్చి డబ్బు రాబట్టుకునేది.

తెలుగు, తమిళం కలిసి వినిపించే చింతాద్రిపేట ఆ కాలపు పట్నంలోనే పుట్టింది. 1734లో గవర్నర్ జార్జ్ మార్టన్ పిట్ కాలంలో కూవం నది వంపులో, అంతకుముందు కంపెనీ ప్రధాన వర్తకుడిగా ఉన్న సుంకురామ చెట్టి తోటలో నేతగాళ్ల కోసం ఈ పేట వేశారు. ‘చిన్న తరి పేట’, అంటే చిన్న మగ్గాల పేట, అన్నదే కాలక్రమంలో చింతాద్రిపేట అయింది. ఇక్కడి ఆదికేశవ పెరుమాళ్, ఆదిపురీశ్వరర్ జంట ఆలయాలు తెలుగు వర్తకుడు ఆదియప్ప నారాయణ చెట్టి పేరుతో ముడిపడి ఉన్నాయి. తెలుగు, తమిళం ఒకే వీధిలో వినిపించే ఇలాంటి పేటల్లో చుట్ట, సురుట్టు అన్న రెండు మాటలూ పక్కపక్కనే బతికాయి.

కూవం దాటితే మౌంట్ రోడ్డు. 1860లలో మొదలైన స్పెన్సర్ కంపెనీ అక్కడ 1895లో ఇండో-సారసెనిక్ శైలిలో పెద్ద అంగడి కట్టింది. స్పెన్సర్స్ దిండిగల్‌లో చుట్టల కర్మాగారం నడిపింది. ‘లైట్ ఆఫ్ ఏషియా’ దాని పేరుపొందిన సరుకు. ఇలా రెండు ఆకులు మద్రాసు పేరు మీద ఇంగ్లండుకు చేరాయి. ఒకటి తిరుచ్చి, దిండిగల్ ప్రాంతపు ‘ట్రిచినాపలి’, రెండోది గోదావరి ‘లంక’. స్పెన్సర్ పాత భవనం 1980ల మొదట్లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఆ స్థలంలో ఇప్పుడున్నది స్పెన్సర్ ప్లాజా.

లంక ఆకు: నేల, సాగు

గోదావరి, కృష్ణ నదుల నడుమ వరద దించిన ఒండ్రు మేటలే లంకలు. ఏటా వరద వచ్చి మునుగుతాయి, తీశాక కొత్త మట్టి పరుచుకుని ఉంటుంది. ఆ మట్టిలో శీతాకాలమంతా పొగాకు పెరుగుతుంది. మొక్కకు పూమొగ్గ రాగానే తల తుంచుతారు, పక్కల వచ్చే పిలకలు తీసేస్తారు. దాంతో బలమంతా ఆకుల్లోకి దిగుతుంది. ఆకు మందమెక్కుతుంది, నికోటిన్ పెరుగుతుంది.

ఆకు బాగా కాలడానికీ నేలకూ నేరుగా సంబంధం ఉంది. ఆకులో పొటాష్ తగినంత ఉంటే నిప్పు నిలుస్తుంది. క్లోరైడ్ ఎక్కువైతే చుట్ట మాటిమాటికీ ఆరిపోతుంది. ఉప్పునీటి బావుల కింద పండిన పొగాకుకు వచ్చే చెడ్డపేరు ఇందువల్లే. చుట్ట ‘నిప్పు పట్టడం లేదు’ అని వాడేవాడు విసుక్కుంటే తప్పు చాలాసార్లు చుట్టినవాడిది కాదు, ఆకు పండిన నేలది.

1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ ఏర్పడింది. చుట్ట, సిగార్ రకాల మీద తమిళనాడులోని వేదసందూర్ కేంద్రం, సిగార్ పైన చుట్టే ఆకు రకాల మీద బెంగాల్‌లోని దిన్‌హటా కేంద్రం పనిచేశాయి. అంతకుముందే, 1920ల నుంచి, గుంటూరు నల్లరేగళ్లలో సిగరెట్ కంపెనీలకు కావలసిన వర్జీనియా రకం పాతుకుపోయింది. బ్యారన్లలో వేడిగాలితో పసుపుపచ్చగా ఆరబెట్టే ఆ ఆకు వ్యాపారాన్ని ఆక్రమించింది. 1976లో గుంటూరులో పనిమొదలుపెట్టిన పొగాకు బోర్డు ప్రధానంగా చూసేది దాన్నే. లంక ఆకు, నాటు ఆకు వేలంపాటల వెలుగుకు దూరంగా ఉండిపోయాయి.

మగ్గడం

కోసిన ఆకును దండలుగా గుచ్చి, పందిళ్ల కింద నీడన వేలాడదీస్తారు. పచ్చదనం పోయి పసుపు, ఆపై గోధుమ రంగు వస్తుంది. అప్పుడు ఆకు పెళుసుగా ఉంటుంది, తాకితే పిండి అవుతుంది. తెల్లవారుజామున మంచు పడి ఆకు మెత్తబడినప్పుడు దించుతారు. ఈ మెత్తదనాన్ని పదును అంటారు. పదును లేని ఆకును తీస్తే విరుగుతుంది, పదును మించిన ఆకును కుప్పేస్తే కుళ్లుతుంది.

పదునుకు వచ్చిన ఆకును మండె కడతారు, అంటే కుప్పగా పేరుస్తారు. మండె నడుమ సూక్ష్మజీవులు, ఆకులోని ఎంజైములు పనిచేసి వేడి పుడుతుంది. చేయి లోపలికి పోనిస్తే చురుక్కుమంటుంది. క్యూబాలో ‘పిలోన్’ అనే ఇలాంటి కుప్పల నడుమ కర్రగొట్టంలో ఉష్ణమాపకం ఉంచి చూస్తారు. వేడి మితిమీరకముందే కుప్ప విప్పి, పైది కిందికి, లోపలిది బయటికి వచ్చేలా తిరగేస్తారు. మన మండెలదీ ఇదే పద్ధతి. ఉష్ణమాపకం బదులు ఇక్కడ అరచేయి, ముక్కు.

ఈ దశలో మాంసకృత్తులు విడిపోయి అమ్మోనియా వెలువడుతుంది. కొత్త మండె విప్పితే కళ్లు మండేది అందుకే. మిగిలిన చక్కెరలు హరిస్తాయి, నికోటిన్ కొంత తగ్గుతుంది, పాలీఫినాళ్లు ఆక్సీకరణ చెంది ఆకు ముదురు గోధుమకు తిరుగుతుంది. పచ్చి వగరు పోయి కమ్మటి వాసన నిలుస్తుంది. కొత్త బియ్యం అన్నం ముద్దకట్టి, అదే బియ్యం ఏడాది పాతబడితే పొడిపొడిగా రావడం తెలుగిళ్లన్నిటికీ తెలుసు. కొత్త చింతపండు ఎరుపు, పాతది నలుపు అన్నదీ తెలుసు. ఆకు మగ్గడం కూడా కాలం చేసే ఇలాంటి పనే. కాకపోతే ఇది వేడితో, వేగంగా మొదలై తరువాత నెమ్మదిస్తుంది.

కట్టు, రకాలు

ఇంటి చుట్టలో ఈనె తీసిన ముక్కాకు లోపల, వెడల్పాటి ఆకు పైన. అంతే. మేలురకం సిగార్‌లో మూడు పొరలుంటాయి: లోపలి ఆకు, దాన్ని పట్టి ఉంచే కట్టాకు, కంటికి కనిపించే పై ఆకు. లోపలి ఆకుల్లో మొక్క అడుగుభాగంవి బాగా కాలతాయి, నడిమివి వాసననిస్తాయి, ఎండ ఎక్కువ తిన్న పైవి ఘాటునిస్తాయి. ఘాటైన ఆకు నెమ్మదిగా కాలుతుంది కనుక దాన్ని సరిగ్గా నడుమ పెడతారు.

లంక చుట్ట ముదురు రంగు, గట్టి ఘాటు. తిరుచ్చి చుట్ట నల్లగా, పొగ కారంగా ఉంటుంది. బర్మా చుట్ట వేరు. అందులో పొగాకుతో పాటు కర్రముక్కలు కలిపి తనత్ ఆకులో చుడతారు. రంగూన్ వెళ్లివచ్చిన ఉత్తరాంధ్ర కూలీల తరానికి అది పరిచయం. హవానా సిగార్ పెట్టె అడుగున నెల, సంవత్సరం ముద్ర ఉంటుంది. పాత సిగార్ వయసు లెక్కగట్టేది దానితోనే. మన చుట్ట కట్టలకు అలాంటి తేదీ లేదు. అందుకే మన ఆకు ఎన్నేళ్లు మగ్గిందో అమ్మేవాడి మాట మీద, కొనేవాడి ముక్కు మీద ఆధారపడింది.

నిల్వ: చెన్నై గాలిలో

చుట్టిన సిగార్‌ను 65 నుంచి 70 శాతం గాలితేమలో, 18 నుంచి 21 డిగ్రీల వేడిలో ఉంచమని వ్యాపారుల సూచన. స్పానిష్ సెడార్ చెక్క పెట్టెలు వాడతారు. చెన్నై సముద్రం ఒడ్డున ఉంది. ఇక్కడ తేమ తక్కువ కావడం సమస్య కాదు, ఎక్కువ కావడమే సమస్య. దానికి తోడు వేడి. వేడి పెరిగితే పొగాకు పెంకు పురుగు గుడ్లు పొదిగి, ఆకును సూదితో గుచ్చినట్టు బెజ్జాలు చేసుకుంటూ పోతుంది. ఒక్క పురుగు పెట్టె మొత్తాన్ని పాడుచేయగలదు. అందుకని సిగార్లను కొన్నాళ్లు గడ్డకట్టే చలిలో ఉంచి పురుగును చంపుతారు.

పాత సిగార్ మీద కనిపించే తెల్లటి పొరను నూనెలు పైకొచ్చి గడ్డకట్టినవని పొగుడుతారు. చాలాసార్లు అది బూజే. పొడిగా, మెరుస్తూ, తుడిస్తే పోతే నమ్మవచ్చు. నూగులా ఉండి మరక మిగిలితే, ముక్క వాసన వస్తే పారేయాలి.

రుచి పరీక్ష

పరీక్ష నిప్పు పెట్టకముందే మొదలవుతుంది. ముందు చూడాలి: పై ఆకు రంగు ఒకేలా ఉందా, ఈనెలు పొడుచుకొచ్చాయా, అతుకు ఊడుతోందా. తరువాత వేళ్ల మధ్య కొస నుంచి కొస దాకా నెమ్మదిగా నొక్కుతూ పోవాలి. ఒకచోట గట్టిగా, ఒకచోట గుల్లగా తగిలితే ఆకు సమంగా పరచలేదన్నమాట. గట్టి చోట పొగ బిగుసుకుంటుంది, గుల్ల చోట ఎర్రగా మండి చేదెక్కుతుంది. చెవి దగ్గర పెట్టి నలిపితే కరకరమంటే ఎండిపోయింది. ఏ చప్పుడూ లేక వేలిముద్ర పడితే తేమ మించింది.

లంక ఆకు కొనేవాడు చేసేదీ ఇదే. గుప్పెడాకు తీసి పిడికిట్లో నొక్కి వదులుతాడు. ఆకు మెల్లగా విచ్చుకుంటే పదునుంది. ఆకు వెనకవైపు ముక్కుకు ఆనించి ఊపిరి లాగుతాడు, అమ్మోనియా కుట్టిందంటే ఇంకా మగ్గాలి. ఒక కొస తుంచి వెలిగించి, మంట ఊది ఆర్పి, నిప్పు గీత ఎంత దూరం పాకుతుందో చూస్తాడు. ఆపై నుసి రంగు చూస్తాడు. విదేశీ సిగార్ పరీక్షకుడు పుస్తకం చదివి నేర్చుకున్న క్రమం లంకల్లో చేతి అలవాటుగా, పేరు లేకుండా సాగుతూ వచ్చింది. ఇది శాస్త్రీయ పరీక్షే అనడానికి సందేహించనక్కర్లేదు.

వెలిగించేముందు వట్టి చుట్టను ఒకసారి లాగి చూస్తారు. గాలి తేలిగ్గా రావాలి, ఎండుగడ్డి, బెల్లం, పాత పెట్టె వంటి వాసనలు నాలుక మీద తెలియాలి. వెలిగించేటప్పుడు మంట ఆకును తాకకుండా, కొస అంతా సమంగా ఎర్రబడేలా తిప్పుతారు. సిగార్ పొగను ఊపిరితిత్తుల్లోకి తీసుకోరు. నోట్లో నిలిపి, కొంచెం ముక్కుగుండా వదులుతారు. వాసనల తేడా పట్టేది నాలుక కన్నా ముక్కే కనుక.

సిగార్‌ను మూడు భాగాలుగా లెక్కించి రుచి రాస్తారు. మొదటి భాగంలో పై ఆకు పలుకుతుంది. నడిమి భాగంలో పాళ్లు కుదిరాయో లేదో తెలుస్తుంది. చివరి భాగంలో తారు, వేడి పోగుపడి చేదు పెరుగుతుంది. బాగా మగ్గిన ఆకుకూ పచ్చి ఆకుకూ తేడా ఇక్కడే బయటపడుతుంది. మంచి ఆకు పీక దగ్గరకొచ్చినా గొంతు గీరదు. నుసి గట్టిగా, అంగుళం దాకా నిలిచి, బూడిదరంగులో ఉంటే కట్టు బాగుందని అర్థం. తెల్లటి నుసి మేలురకానికి గుర్తన్న నమ్మకం ఉంది. అది మట్టిలోని ఖనిజాలను చెబుతుంది కానీ రుచిని చెప్పదు.

ఏళ్లు గడిచిన సిగార్‌లో ఘాటు తగ్గి, పొరలు కలిసిపోయి, మెత్తదనం వస్తుంది. ఒక హద్దు దాటితే వాసన నూనెలు ఆవిరై చప్పబడుతుంది. వయసు పెరిగేకొద్దీ రుచి పెరుగుతూనే ఉంటుందన్నది అమ్మకందారుల మాట. మొదట్లో ఘాటుగా ఉన్న ఆకుకే ఎక్కువ కాలం నిలిచే బలం ఉంటుంది.

సమీక్ష, మాటల కొరత

1992లో అమెరికాలో మొదలైన ‘సిగార్ అఫిసియొనాడో’ పత్రిక పట్టీలు తీసి, పేరు తెలియకుండా పీల్చి, 100కు మార్కులు వేసే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. రూపం, కట్టు, రుచి, కాలే తీరు, మొత్తం మీద అభిప్రాయం అన్న అంశాలను అది చూస్తుంది. పేరు దాచడం మంచి నియమం. ధర, ప్రతిష్ఠ తెలిస్తే నాలుక మాట మారుతుంది.

ఆ సమీక్షల్లో తోలు, సెడార్, కోకో, ఎస్ప్రెస్సో పదేపదే వస్తాయి. రాసేవాళ్ల ఇళ్లలోని వాసనలు అవి. తెలుగులో రాసేటప్పుడు వాటిని అరువు తెచ్చుకోవడం వల్ల పాఠకుడికి ఏమీ అందదు. వేయించిన ధనియాలు, మాడబోయే బెల్లంపాకం, తొలకరికి తడిసిన మట్టి, పాత చింతపండు, ఎండిన వేపపువ్వు వంటి పోలికలు మన ముక్కుకు వెంటనే తెలుస్తాయి. ఘాటు, కారం, వగరు, గీర, కమ్మదనం అన్న మాటలు ఇప్పటికే లంక రైతుల, చుట్టలు కట్టేవాళ్ల నోళ్లలో ఉన్నాయి. వాటికి ఎవరూ కొలమానం రాసిపెట్టలేదు. ఆ జ్ఞానం తెలిసిన తరం తగ్గిపోకముందే నమోదు కావాలి.

సాహిత్యంలో

ఆర్థర్ కానన్ డాయల్ 1887లో వచ్చిన ‘ఎ స్టడీ ఇన్ స్కార్లెట్’లో షెర్లాక్ హోమ్స్ నుసిని చూసి హంతకుడు తాగింది ట్రిచినాపలి అని తేలుస్తాడు. 1890లోని ‘ది సైన్ ఆఫ్ ఫోర్’లో 140 రకాల పొగాకు నుసుల మీద తాను రాసిన గ్రంథం గురించి చెబుతూ భారతీయ ‘లంక’ను ఉదాహరణగా పేర్కొంటాడు. గోదావరి ఒండ్రులో పండిన ఆకు లండన్ అపరాధ పరిశోధకుడి నోట ఆ విధంగా వినిపించింది.

తెలుగులో చుట్ట పేరెత్తితే గిరీశం గుర్తొస్తాడు. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన గురజాడ ‘కన్యాశుల్కం’లో అతడి చేతి చుట్ట, దాన్ని సమర్థించే చాటువు పాత్రలో విడదీయలేని భాగమయ్యాయి.

ఆరోగ్యం

మగ్గడం వల్ల ఆకు వాసన మెరుగవుతుంది కానీ హాని తగ్గదు. పైగా క్యాన్సర్ కారకాలైన నైట్రోసమైన్లు ఎక్కువగా పుట్టేది ఆరబెట్టడంలో, మగ్గబెట్టడంలోనే. చుట్ట పొగకు క్షారగుణం ఉండడంతో నికోటిన్ నోటి లోపలి చర్మం గుండానే రక్తంలోకి చేరుతుంది. పొగ మింగలేదన్నది రక్షణ కాదు. ఒక పెద్ద సిగార్‌లో ఒక సిగరెట్ పెట్టెలో ఉన్నంత పొగాకు ఉండవచ్చు. నోరు, స్వరపేటిక, అన్నవాహిక, ఊపిరితిత్తుల క్యాన్సర్లకు చుట్ట, సిగార్ కారణమని వైద్యశాస్త్రం నిర్ధారించింది.

శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల్లో ముఖ్యంగా స్త్రీలు చుట్ట నిప్పు కొసను నోటిలోపల పెట్టుకుని పీల్చే ‘అడ్డపొగ’ అలవాటు ఉంది. నిప్పు వేడి, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. మరోచోట అరుదుగా కనిపించే గట్టి అంగిలి క్యాన్సర్ ఇక్కడ ఎక్కువగా ఉందని 1960ల నుంచి జరిగిన పరిశీలనలు చూపాయి. చుట్ట గురించి ఎంత ప్రేమగా రాసినా ఈ ఆడవాళ్ల నోళ్లను పక్కనపెట్టి రాయకూడదు.

చట్టం

2003 నాటి సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టం పరిధిలోకి చుట్ట, సిగార్ రెండూ వస్తాయి. వాటిని నేరుగా గానీ పరోక్షంగా గానీ ప్రచారం చేయడం నిషేధం. 2008 అక్టోబర్ 2 నుంచి దేశమంతటా బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం నేరం. 2016 ఏప్రిల్ నుంచి పొట్లం మీద 85 శాతం మేర బొమ్మల హెచ్చరిక ఉండాలి. విద్యాసంస్థకు 100 గజాల లోపల అమ్మకూడదు. సంతలో చుట్ట కట్ట అయినా, నగరంలో హవానా పెట్టె అయినా 18 ఏళ్ల లోపు వారికి అమ్మడం శిక్షార్హం.